మా అత్తగారి మట్టి మిద్దె: కూలగొట్టాలా, నిలబెట్టాలా?

2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా మీకు. మన జిల్లాలో రాజంపేట వైపు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ వానలకే. జమ్మలమడుగు వైపు అంత ఘోరం జరగలేదు గానీ, ఆ ఊరి పక్కనే ఉన్న మా అత్తగారి పల్లెలో, మా ఇంటి వెనక గోడ ఒకటి తెల్లవారుజామున కూర్చుండిపోయింది. గోడకు అవతల గదిలోనే మా అత్త పడుకుంటుంది. ఆ రాత్రి చలిగా ఉందని మంచం పడసాలలోకి లాక్కుందట. అంతే, బతికింది.

మేముండేది ప్రొద్దుటూరులో, అరగంట దోవ. పొద్దున్నే పోయి చూస్తే అత్త అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతోంది. మా ఆయనా, బెంగళూరు నుంచి వచ్చిన మా బావా ఇద్దరూ ఒకే మాట మీదున్నారు: పాత మిద్దె మొత్తం కూలగొట్టేద్దాం, మూడు గదుల స్లాబు ఇల్లు వేసేద్దాం. అత్త మాత్రం, "ఎనక గోడకు కదా జరమొచ్చింది? ఒక ఏలికి జరమొస్తే మనిషినే కాల్చేస్తారా?" అంది. అందరూ నవ్వేశారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నన్ను ఏడాది పాటు వదల్లేదు.

నేను చదివింది బి.ఏ. తెలుగు. ఇంజనీరును కాను. అయినా ఇల్లు కట్టడం, బాగు చేయడం అనే దాంట్లో డబ్బు మగవాళ్ళది, మాట మేస్త్రీది, బతకడం మాత్రం మనది. అందుకే ఈసారి తీర్మానం అయ్యేలోపు అసలు ఈ ఇళ్ళు ఎందుకిట్లా కట్టారో తెలుసుకుందామనుకున్నా. తెలుసుకున్నవి కొన్ని మీకు చెబుతాను, ఇలాంటి ఇల్లు మీ పుట్టింట్లోనో అత్తింట్లోనో ఉండే ఉంటుంది.

ముందు మిద్దె అనే మాట. కోస్తా వాళ్ళు మిద్దె అంటే పై అంతస్తు అనుకుంటారు. మాకు మిద్దె అంటే చదును కప్పున్న ఇల్లు. వాన తక్కువ, కట్టె తక్కువ, ఎండ మాత్రం కావలసినంత ఉన్న చోట పుట్టిన ఇల్లు అది. మా జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలు. అలాంటి చోట ఏటవాలు పెంకుల కప్పు కన్నా మందంగా మట్టి పరిచిన చదును కప్పే మేలని మా పెద్దవాళ్ళు తేల్చుకున్నారు. రెండడుగుల మందం రాతి గోడలు, రాళ్ళ మధ్య సిమెంటు కాదు, బురద. గోడ మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద చెక్కలో బండలో, ఆపైన ఆకూ కంపా పరిచి మట్టి. అన్నిటికీ పైన చౌడు.

చౌడు నేల అంటే పైరు రాదని రైతు తిట్టుకునే నేల. దాన్నే మిద్దెకు ఎందుకు వేస్తారో నాకు చాలా ఏళ్ళు తెలియదు. ఆ మట్టిలో ఉండే సోడియం లవణం వల్ల, తడవగానే అందులోని సన్నటి రేణువులు విడిపోయి, సందులన్నీ మూసేస్తాయి. నీళ్ళు కిందికి దిగవు. పొలంలో ఏ గుణం పంటను చంపుతుందో, మిద్దె మీద అదే గుణం ఇంటిని కాపాడుతుంది. ఏ పుస్తకం చదివి కనుక్కున్నారో మరి!

ఆ చౌడు ఏటా మృగశిర కార్తెకు ముందు కొత్తగా పరవాలి. ఇక్కడే మా అత్త కథ మొదలవుతుంది. బండి చౌడును ఇంటి ముందు దించిపోయేది మా మామ. నిచ్చెనెక్కి గంపలతో పైకి మోసేది ఆడవాళ్ళు. తడిపి, తట్టి, చదును చేసేది ఆడవాళ్ళు. లోపల గోడలకు ఎర్రమన్ను పూసి, సున్నం కొట్టి, నేల పేడతో అలికేది కూడా వాళ్ళే. "పెళ్ళయిన ఏడు నేను మోసిన గంపలు లెక్కబెట్టినా, నూట పద్దెనిమిది" అంది అత్త. పాత ఇళ్ళు ఎంత చల్లగా ఉండేవో అని వాట్సాప్‌లో ఫొటోలు పెట్టేవాళ్ళకు ఈ లెక్క తెలియదు. ఆ చల్లదనం నూట పద్దెనిమిది గంపల చల్లదనం.

ఇక అసలు ప్రమాదం ఎక్కడుందో చూడండి. కొత్త చౌడు వేసే ముందు పాతది గీకెయ్యాలి. ఓపిక ఉన్నన్నాళ్ళు గీకారు. తర్వాత కూలీలు పెట్టి పాతదాని మీదే కొత్తది వేయించారు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు చోట ఒక్క అంగుళం మందం మట్టి పరిస్తే దాని బరువు సుమారు నాలుగు కిలోలు. పదడుగులకు పన్నెండడుగుల గది మీద ఆ ఒక్క అంగుళమే దాదాపు అర టన్ను. మేము తవ్వించి చూస్తే ఆరంగుళాలు ఉండాల్సిన చోట పద్నాలుగు అంగుళాలు ఉంది! అంటే ఎనిమిది అంగుళాలు ఎక్కువ, నాలుగు టన్నులు. ఒక ఏనుగును మిద్దె మీద కట్టేసి దాని కింద మంచం వేసుకుని పడుకున్నట్టు. వాన పడి తడిస్తే ఆ ఏనుగు ఇంకా బరువెక్కుతుంది. ముసురు పట్టినప్పుడు పేపర్లో "మిద్దె కూలి" అని చదువుతాం కదా, అందులో చాలావాటి వెనక ఈ లెక్కే ఉంటుంది. మీ ఇంట్లో మట్టి మిద్దె ఉంటే ఈ ఎండాకాలమే ఒక మూల చిన్న గుంట తవ్వించి మందం కొలవండి. దూలాల చివర్లు గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. సులభంగా దిగిపోతే చెదలు తిన్నట్టే. నడిమధ్య బాగున్నా అక్కడే మొదట పోతుంది.

మరి మా వెనక గోడ? అది మిద్దె బరువుకు పోలేదు. జమ్మలమడుగులో ఒక సివిల్ ఇంజనీరును పిలిపించాం. ఆయన తీసుకున్న ఫీజు మా బావ బెంగళూరు నుంచి కారులో వచ్చిపోయే ఖర్చంత కూడా లేదు. ఆయన గోడను కాదు, గోడ మొదలును చూశాడు. "ఇక్కడ నీళ్ళెందుకు నిలబడ్డాయి?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. చివరికి నేనే చెప్పాను. ఆ ఇంట్లో స్నానాల గది లేదు. మగవాళ్ళు బావి దగ్గరో మడుగులోనో పోసుకునేవాళ్ళు. ఆడవాళ్ళకు వెనక గోడ మొదట్లో రెండు బండలు, చుట్టూ తడిక. మా అత్త, ఆమె అత్త, తోడికోడళ్ళు, ఆడపిల్లలు, పెళ్ళయిన కొత్తలో నేను, అందరం చీకటితోనే లేచి పోసుకున్నది అక్కడే. యాభై అరవై ఏళ్ళ నీళ్ళు ఆ గోడ పునాదిలోకి ఇంకాయి. దానికితోడు నా పెళ్ళికి, 1999లో, అందంగా ఉంటుందని ఆ గోడకు బయట సిమెంటు పూత వేయించారు. బురదతో కట్టిన గోడ కింది నుంచి పీల్చుకున్న తేమను బయటికి వదిలి ఆరుతుంది. సున్నం పూత ఆ తేమను పోనిస్తుంది, సిమెంటు పోనివ్వదు. పైకి గట్టిగా కనిపిస్తూ లోపల బురద మెత్తబడిపోయింది. ఇంత పెద్ద ఇంట్లో, ఎద్దులకు కొట్టం, గింజలకు గాదె, దేవుడికి మూల కట్టినవాళ్ళు ఆడదాని స్నానానికి నాలుగు గోడలు కట్టలేదు. చివరికి ఆ గోడే కూలింది.

అందుకే చెబుతున్నా, పాత గోడకు సిమెంటు పూత పూయమని మేస్త్రీ అంటే తొందరపడకండి. సున్నంతో పని చేసే మేస్త్రీలు తక్కువైపోయారు గానీ పూర్తిగా లేకపోలేదు. అనుమానముంటే పిల్లల్ని తీసుకుని ఒక ఆదివారం గండికోటకు పోయిరండి. పెమ్మసాని వాళ్ళ కోట, పెన్నా లోయ అంచున. అందరూ లోయ దగ్గర ఫొటోలు దిగి వెనక్కి వస్తారు. మీరు జామియా మసీదు పక్కనున్న ధాన్యాగారంలోకి పోయి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. మట్ట మధ్యాహ్నం కూడా చల్లగా తగులుతుంది. ఉక్కు లేదు, సిమెంటు లేదు. రాయి, సున్నం, మందం, అంతే.

ఇక బండల సంగతి. మా వైపు ఇంటి నేల, అరుగు, మెట్లు, గూట్లో అరలు, నీళ్ళ తొట్టి, అన్నీ నల్ల బండలే. పక్కింటి వాళ్ళతో హద్దు గోడ కూడా నిలువుగా పాతిన బండలే. ఎర్రగుంట్ల, నిడుజువ్వి, జమ్మలమడుగు చుట్టుపక్కల నేల తవ్వితే పొరలు పొరలుగా, పుస్తకంలో పేజీల్లాగా లేస్తాయి. 1872లో విలియం కింగ్ అనే దొర, భూగర్భ సర్వే వాడు, మన కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద పుస్తకమే రాశాడు. ఆ శాస్త్రం వాళ్ళు రాతి పొరలకు ఊళ్ళ పేర్లే పెట్టారు. ఒక పొర పేరు జమ్మలమడుగు, మరొకటి పులివెందుల, ఇంకొకటి వేంపల్లె, సున్నపురాయికి నార్జి. అంటే నా అత్తిల్లూ పుట్టిల్లూ రెండూ భూగర్భ శాస్త్రంలో ఉన్నాయన్నమాట! ఈ సంగతి మా ఇంట్లో చెబితే ఎవరూ పట్టించుకోలేదు, మీరైనా మెచ్చుకోండి.

మద్రాసు నుంచి కడప, ఎర్రగుంట్ల మీదుగా వేసిన రైలు మార్గం 1871లో రాయచూరు దాకా పోయి బొంబాయి వైపు లైనుతో కలిసింది. ఆ దారినే మన బండ కూడా పోయింది. ఇప్పటికీ బొంబాయిలో మరాఠీ ఇల్లాలు వంటింటి గట్టు మీది నల్ల రాయిని "కడప్పా" అనే అంటుంది. మన జిల్లా పేరు మీద చపాతీలు చేస్తున్నానని ఆమెకు తెలుసో లేదో. (అన్నట్టు ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు రైలు వచ్చింది మాత్రం 2016లో. బండ ముందు పోయింది, మేము నూట నలభై ఏళ్ళ తర్వాత ఎక్కాం.)

ఈ రాయి సున్నపురాయే. ఎర్రగుంట్ల, చిలంకూరు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది కూడా ఈ నేలలోని సున్నపురాయి కోసమే. కాబట్టి దీనికి పులుపు పడదు. నిమ్మకాయ కోసి అలాగే వదిలేసినా, చింతపండు పులుసు ఒలికినా, బాత్రూములు కడిగే యాసిడ్ తగిలినా తెల్లటి మచ్చ పడుతుంది. అది మురికి కాదు, రాయే కరిగిన గుర్తు, తోమితే పోదు. వంట గట్టుకు గ్రానైటు వేసుకుని, అరలకు, నేలకు, మెట్లకు కడప బండ వేసుకోవడం నా లెక్కలో మంచి పద్ధతి. ధరలో చాలా తేడా ఉంటుంది. పాత ఇంటి బండలు మాత్రం అమ్మకండి. అరవై ఏళ్ళ కాళ్ళు తొక్కి నునుపెక్కిన బండకు ఏ పాలిషూ సాటి రాదు. తిరగేసి వేస్తే అవతలి పక్క ఇంకో అరవై ఏళ్ళు.

పులివెందుల మాట వచ్చింది గనుక మా పుట్టింటి కప్పు గురించి కూడా చెప్పాలి. మా నాన్న 1986లో కొట్టం తీసేసి రేకుల ఇల్లు వేశాడు. బూడిద రంగు సిమెంటు రేకులు. ఊళ్ళో కొట్టాలు తగలబడటం చూసిన మా అమ్మకు ఆ రేకులు ఒక వరం. వాటిలో ఉండేది రాతినార, ఆస్‌బెస్టాస్. దాని గనులు మా పులివెందుల చుట్టుపక్కలే ఉండేవి. ఆ నార దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఎన్నో ఏళ్ళ తర్వాత జబ్బవుతుందనీ, క్యాన్సరు కూడా వస్తుందనీ ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. మా నాన్న రేకులు వేసిన 1986లోనే మన దేశంలో ఆ గనులకు కొత్త లీజులు ఇవ్వడం ఆపేశారు. కానీ నారను బయటి నుంచి తెప్పించి రేకులు చేయడం ఆగలేదు.

భయపడి రేపే పీకేయమని కాదు. కదలకుండా, పగలకుండా ఉన్న రేకుతో దుమ్ము రాదు. దాన్ని కోసినప్పుడు, రంధ్రం చేసినప్పుడు, పగలగొట్టినప్పుడు వస్తుంది. పాత రేకుకు ఫ్యాను కొక్కెం కోసం డ్రిల్లు పెట్టనివ్వకండి. మార్చేటప్పుడు నీళ్ళతో తడిపి, పగలకుండా మొత్తంగా దించమనండి, ఆ రోజు పిల్లల్ని ఇంట్లో ఉంచకండి. పగిలిన ముక్కలు వాకిట్లో పరిచి మెత్తటి చీపురుతో ఊడ్చే పని మనకే పడుతుంది కదా, ఆ పని అసలు చేయకండి.

మళ్ళీ అత్తింటికి వద్దాం. ఇల్లు కూలగొట్టాలంటే ముందు ఎవరిది అనే ప్రశ్న వచ్చింది. మా మామ వీలునామా రాయలేదు, 2012లో పోయాడు. మా ఆయన, బావ ఇద్దరూ మాట్లాడుకుంటుంటే వదిన పేరే రాలేదు. మా వదినకు 1984లో పెళ్ళయింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమంగా ఆడపిల్లకు హక్కిచ్చిన రాష్ట్ర చట్టం మనకు 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది, దేశంలో మిగతా చాలా రాష్ట్రాల కన్నా ఇరవై ఏళ్ళు ముందు. అయితే అది అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. వదిన ఒక్క ఏడాది తేడాతో తప్పిపోయింది. 2005లో కేంద్ర చట్టం మారాక ఆ తేడా పోయింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2005 దాకా, మగ వారసులు కాపురముంటున్న ఇంటిని పంచమని అడిగే హక్కు ఆడ వారసులకు ఉండేది కాదు, మగవాళ్ళు పంచుకుంటేనే ఆమెకు వాటా. 23వ సెక్షన్ అనేవారు, దాన్ని తీసేశారు. ఇదంతా నేను ఎక్కడో చదివి చెప్పానని మా బావ కొన్నాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కానీ వకీలును అడిగితే అదే చెప్పాడు: అత్త, వదిన సంతకాలు లేనిదే గోడ కూడా ముట్టుకోవద్దు. మీరు కూడా అప్పు చేసి పాత ఇంటి మీద డబ్బు పెట్టే ముందు ఇల్లు ఎవరెవరి పేరున ఉందో కాగితం మీద చూసుకోండి. గోడ లేచాక వచ్చే తగాదా గోడకన్నా ఎత్తుగా ఉంటుంది.

వదిన వచ్చి ఒకటే అంది: "అమ్మ ఉన్నంత కాలం అమ్మ చెప్పినట్టే కానీండి. నా వాటా డబ్బు నేనిస్తా, ముందు ఆ బండల తావున స్నానాల గది కట్టండి." పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళకు ఆమె ఆ ఇంట్లో అడిగిన మొదటి వస్తువు అది.

అలా పడసాల, దేవుని గది, అరుగు నిలిచాయి. వెనక భాగం మాత్రం తీసేశాం. పడసాల మిద్దె మీద ఏనుగును దించాం, అంటే మట్టి మొత్తం తీయించాం. పుచ్చిపోయిన రెండు దూలాల చోట ఇనుప గర్డర్లు వేయించి, పాత బండలే మళ్ళీ పరిచి, పైన ఇటుక ముక్కలు సున్నంతో కలిపి మూడంగుళాలు దట్టించి, నీళ్ళు దోనె వైపు పోయేట్టు వాలు ఇప్పించాం. ఎంత బరువు వేయొచ్చో ఇంజనీరు లెక్క కట్టి చెప్పాకే. గవాచ్చిని, అంటే మిద్దె నడుమ వెలుతురుకూ పొగకూ వదిలే రంధ్రాన్ని, మేస్త్రీ మూసేస్తానన్నాడు. వద్దని చెప్పి పైన గట్టి అద్దం పెట్టించాం. పగలు పడసాలలో లైటు వేయక్కర్లేదు.

వెనక వైపు కొత్త గది, వంటిల్లు, స్నానాల గది, మరుగుదొడ్డి, స్లాబుతో. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం బూడిదతో చేసిన ఇటుకలు వాడాం. కొలతలు సరిగ్గా ఉంటాయి, పూత సిమెంటు తక్కువ పడుతుంది. కానీ ముందు తడపకుండా కడితే గోడలో సన్నటి పగుళ్ళు వస్తాయి. ఇది మేము ప్రొద్దుటూరులో మా రెండున్నర సెంట్ల ఇల్లు కట్టినప్పుడే డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. స్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలబెట్టడం మాత్రం నా చేతిలో పెట్టుకున్నా. మా ఎండకు పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికి ఉండవు. పద్నాలుగు రోజులు రోజూ రెండు పూటలా ఎక్కాను. మేస్త్రీ మూడో రోజే "చాల్లే అక్కా" అన్నాడు.

వంట గట్టు దగ్గర ఇంకో గొడవ. మేస్త్రీ తన లెక్కలో మూడడుగులు అన్నాడు. మనం నిలబడి వండడం మొదలుపెట్టి ఎన్నాళ్ళయింది? గ్యాసు వచ్చాకే కదా. మా పల్లెలో చాలా ఇళ్ళకు 1999లో మొదలైన దీపం పథకంతోనే సిలిండరు వచ్చింది, గట్టు కూడా దానితోనే. అందువల్ల గట్టు ఎంత ఎత్తుండాలో చెప్పే పెద్దవాళ్ళు లేరు. నిలబడి మోచెయ్యి వంచి, మోచేతికి నాలుగు వేళ్ళ కింద గుర్తు పెట్టమన్నాను. అత్తకు ముప్పై ఒకటి అంగుళాలు వచ్చింది, నాకు ముప్పై నాలుగు. ఆ ఇంట్లో వండేది ఆమె గనుక ముప్పై ఒకటే వేయించాం.

ఖర్చు మొత్తం 7 లక్షల 40 వేలు అయింది. కూలగొట్టి మొత్తం కట్టడానికి మాకు చెప్పిన లెక్క 19 లక్షలు.

ఈ మధ్య పోయి చూస్తే గట్టు మీద అత్త మందుల డబ్బాలు, కరెంటు బిల్లులు, ఒక గంప వంకాయలు ఉన్నాయి. అత్త కింద, పాత బండ మీద కత్తిపీట వేసుకుని కూరగాయలు తరుగుతోంది. "నిలబడితే మోకాళ్ళు లాగుతాయి, నువ్వొచ్చినప్పుడు వాడుకో" అంది. స్నానాల గదికి మాత్రం లోపల గొళ్ళెం ఒకటి చాలదని ఇంకొకటి బిగించుకుంది.